మూడో చీటీ

పొద్దున్నే దేవుడి ముందు రెండు చీటీలు వేశాడు చలపతిరావు. ఒకటి ఏలూరు ఎర్రమందు. ఒకటి వైద్యుడి మాత్ర.

ఎర్రమందు వచ్చింది.

ఆ ఏడు కొల్లేటి ఊళ్ళను దగ్గు, ఆయాసం తెచ్చే కొత్త రొమ్ముజ్వరం పట్టుకుంది. ఏ మందు మంచిదో మద్రాసు డాక్టర్లు కూడా తేల్చలేదట. కూతురు అచ్చమ్మ ఆయాసపడుతోంది.

మధ్యాహ్నం రెండో మోతాదు గ్లాసులో పోస్తుంటే వీధి గుమ్మంలో ఎవరో దగ్గారు.

నుదుటికి గుడ్డ కట్టుకున్న ముసలాయన.

"నా పేరు సైఫుల్లా అండీ. ఏలూరు. మీ ఇంట్లో ఎర్రమందు వాడుతున్నారా?"

"పొద్దున ఒకసారి పట్టామండీ. ఏం?"

"ఇంక పట్టకండి. అందులో నల్లమందు ఎక్కువ. దగ్గు ఆగుతుంది, ఆ మగతలో ఊపిరీ ఆగుతుంది."

"అయితే వైద్యుడి మాత్ర మంచిదా?"

"అది నాకు తెలియదండీ."

చలపతిరావుకి ఒళ్ళు మండింది.

"వైద్యుడు పంపాడా నిన్ను? ఇది దేవుడు తేల్చిన మందయ్యా. చీటీ వేశాను."

"ఎన్ని చీటీలండీ?"

"రెండు."

"ఏ మందూ వద్దని మూడోది వేయలేదా?"

"మా దేవుడికి నువ్వు నేర్పుతావా? పద!"

"బాబుగారూ, ఆ మందు..."

తలుపు పడింది.

లోపల అచ్చమ్మ మగతగా పడుంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతోంది.

గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు చలపతిరావు.

"ఏవండీ," అంది భార్య జ్ఞానప్రసూనాంబ. "అడిగినదానికే కదా దేవుడు చెబుతాడు. అది మనం అడగలేదుగా."

ఆమె ఖాళీ కాగితం మడిచి, పాత రెండు చీటీల్లో కలిపింది.

చలపతిరావు ఒకటి తీశాడు.

ఖాళీది.

గ్లాసు పెరట్లో పారబోశాడు. పిల్లను లేపి కూర్చోబెట్టి, మగత కమ్మినప్పుడల్లా పేరు పెట్టి పిలుస్తూ, చెంచాతో జావ పోశారు.

దీపాలవేళకు అచ్చమ్మ కళ్ళు తెరిచింది.

"ఉప్పు లేదమ్మా," అంది.

పిల్ల లేచి తిరిగాక, అరటిగెల పట్టుకుని రేవుకు వెళ్ళాడు చలపతిరావు.

"కనకరాజూ, నుదుటికి గుడ్డ కట్టుకుని నీ దోనెలో వచ్చాడే, ఆ సాయిబుగారి ఇల్లు తెలుసా?"

దోనె తోసే గెడ ఆపాడు కనకరాజు.

"ఆయన్ని నిన్ననే మట్టి చేశారండీ. ఇల్లిల్లూ తిరిగితే ఆ జ్వరం తగలదా మరి?"

చలపతిరావు గెల కింద పెట్టాడు.

"నుదుటి మీద ఆ దెబ్బేమిటి?"

"మీ ఊరు రాకముందు ఒకచోట నిజం చెప్పేశాడండీ. రాళ్ళు రువ్వారు."

"ఏం నిజం?"

"ఆ ఎర్రమందు కాచి అమ్మింది ఆయనేనండీ."