రెండు వార్డులకూ ఒకటే ఫ్లాస్కు

ట్యాంకరు డ్రైవరుకి ముక్కు మీద దురద పుట్టింది.

రెండు చేతులూ మోచేతుల పైదాకా కట్టులో ఉన్నాయి. ముక్కుని దిండుకేసి రాయబోయాడు. అందలేదు. మూతి అటూ ఇటూ తిప్పాడు. లాభం లేకపోయింది.

"ఎక్కడ తమ్ముడూ? ఇక్కడా?"

మంచం పక్కన ఎవరో నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో ఫ్లాస్కు, భుజాన సంచి, మెడలో నల్లదారానికి చిన్న చెక్క శిలువ.

"కొంచెం పైకి... ఆఁ, అక్కడే అన్నా. గట్టిగా!"

ఆయన గోకాడు. తర్వాత ఫ్లాస్కు మూత తీసి, కప్పులో జావ పోసి, చెంచాతో తీసి ఊది నోటికందించాడు.

ఆయా హడావిడిగా కుక్కే ముద్దలే తప్ప, ప్రమాదం జరిగాక డ్రైవరుకి ఇంకొకరు ఊదిపెట్టిన తిండి అదే మొదటిది.

ఆయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. సగం ఫ్లాస్కు ఇక్కడ ఖాళీ చేసి, మిగతా సగంతో ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళిపోయేవాడు.

"చర్చి మనిషిలే," అని తేల్చేశాడు పక్క మంచం ముసలాయన. నోరు మూతపడదని వార్డంతా ఆయన్ని రేడియో అంటుంది. "వార్డువార్డుకీ తిరిగి పుణ్యం మూటగట్టుకుంటాడు. చూస్తూ ఉండు, నాలుగో రోజుకి సంచిలోంచి పుస్తకం బయటికి వస్తుంది."

నాలుగో రోజు సంచిలోంచి గోళ్ళ కత్తెర బయటికి వచ్చింది. ఆయన డ్రైవరు కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పది గోళ్ళూ తీశాడు.

"పుస్తకం మర్చిపోయారా పాస్టరుగారూ?" రేడియో వదల్లేదు.

"అందులో ఉన్నదే చేస్తున్నా బాబాయ్. మీ కాళ్ళు కూడా ఇలా ఇవ్వండి."

రేడియో సిగ్గుపడుతూనే కాళ్ళు చాచాడు. ఆ పూట ఇంక మోగలేదు.

డ్రైవరు మాత్రం తలుపు వైపే చూస్తుండేవాడు. ఎవరు లోపలికొచ్చినా ముఖం గోడవైపు తిప్పేసుకునేవాడు.

"నా ట్యాంకరు గుద్దినామె ఈ ఆసుపత్రిలోనే ఉందట అన్నా. లేచి కూర్చోలేదట ఇంకా. ఆమె మొగుడొచ్చి నా పీక పట్టుకుంటే అడ్డం పెట్టుకోడానికి నాకు చేతులు కూడా లేవు."

"నేనున్నాగా," అన్నాడాయన.

"నువ్వెలాగూ ఆడవాళ్ళ వార్డుకి వెళ్తావు. ఎలా ఉందో చూసి చెబుతావా?"

ఆయన తల ఊపాడు.

అప్పటినుంచి జావతో పాటు కబురూ వచ్చేది.

"ఇవాళ నాలుగు చెంచాలు తాగింది."

"దిండు ఆనించుకుని కూర్చుంది."

"ఇంక నడవదేమో అంటున్నారు డాక్టర్లు."

ఆ మూడో కబురు విన్న రోజు డ్రైవరు ఉండబట్టలేకపోయాడు.

"బ్రేకులు పడలేదని పోలీసులకి చెప్పాను అన్నా. అబద్ధం. బ్రేకులు బంగారంలా ఉన్నాయి. నాకు కునుకు పట్టింది."

చెంచా మధ్యలో ఆగిపోయింది. దుప్పటి మీద జావ బొట్టు పడింది.

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి.

"రేపటినుంచి రావులే," అన్నాడు డ్రైవరు.

ఆయన వెనక్కి వచ్చాడు. కప్పులో చల్లారిపోయినది పారబోసి, వేడిది పోసి, ఊదాడు.

"నోరు తెరు తమ్ముడూ."

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం, జావ ఇంకా రాకముందే, హెడ్ కానిస్టేబులు కాగితాలు పట్టుకుని వచ్చాడు.

"నీ వాంగ్మూలం. బ్రేకులు పడలేదు, నీ తప్పేమీ లేదు. కట్టులోంచి బొటనవేలు బయటికి ఉందిగా, ముద్ర వేసెయ్. నీకూ నాకూ ఓ పనైపోతుంది."

సిరా డబ్బా దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు వేలు ముడుచుకున్నాడు.

"అది చించెయ్యండి సార్. బ్రేకులు బాగానే ఉన్నాయి. నేనే కునుకు తీశాను."

"మతుండే మాట్లాడుతున్నావా? లైసెన్సు పోతుంది. జైలుకి పోతావు."

"పోనివ్వండి సార్. ఈ అబద్ధం గొంతులో ఉన్నంతకాలం జావ కూడా దిగడం లేదు."

వార్డంతా తలలు తిప్పింది. తీరా చూస్తే అందరూ చూస్తున్నది డ్రైవరుని కాదు, గుమ్మాన్ని.

ఒకామె లోపలికి వస్తోంది. రెండు చంకల కిందా కర్రలు. ఒక అడుగు వేసింది. ఆగింది. ఇంకో అడుగు. వెనకే నర్సు చేతులు చాచి, పట్టుకోకుండా నడుస్తోంది.

రేడియో లేచి కూర్చున్నాడు. "అదీ! ఇంకొక్కటి తల్లీ! ఇంకొక్కటి!"

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పన్నెండు మంచాలూ అందుకున్నాయి. చేతులు కట్టులో ఉన్న డ్రైవరు మడమలతో మంచాన్ని బాదాడు.

ఆమె సరిగ్గా అతని మంచం దగ్గరే ఆగి, ఇనప కడ్డీ పట్టుకుని ఊపిరి తీసుకుంది.

"నన్నెప్పుడూ సరిగ్గా చూసి ఉండవు. నీ ట్యాంకరు గుద్దింది నన్నే."

డ్రైవరు మడమలు ఆగిపోయాయి. కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆమె వంగి అరచేత్తో తుడిచింది.

"బ్రేకులు కాదమ్మా... నేను... కునుకు..."

"తెలుసు బాబూ. మూడు వారాలుగా తెలుసు. విన్న పూట జావ కప్పు గోడకేసి కొట్టాను. మూడు రోజులు పట్టింది, ప్రభువా వీణ్ణి క్షమించు అనడానికి. అన్నాక నీకూ ఆ మాట చెప్పాలిగా? నీ మంచం దాకా నడిచి రావాలనే కాళ్ళు కింద పెట్టాను."

"కానీ మీకెవరు చెప్పారమ్మా? నేను జావ తెచ్చే అన్నకి తప్ప ఎవరికీ చెప్పలేదే!"

ఆమె నవ్వింది.

"ఆ అన్న భార్యని నేనే బాబూ."