మామూలు కష్టం

“తాగుడు మానేసి ఎన్నాళ్లయిందండీ, వెండెల్ గారూ?” స్కూల్లో పిల్లల కాలేజీ దరఖాస్తులు చూసే హాలరన్ మేడమ్ ఎంతో మెత్తగా అడిగింది.

వెండెల్ జన్మలో చుక్క ముట్టలేదు. పక్క కుర్చీలో కూతురు ఇమానీ తల వంచుకుని బూటు లేసు చూసుకుంటోంది.

“దరఖాస్తుతో పంపడానికి మీ అమ్మాయి రాసిన వ్యాసం చదివి ఏడ్చేశాను. కాలేజీవాళ్లకు కావలసింది ఇదే. నా సిఫార్సు ఉత్తరంలోనూ ఈ సంగతే రాస్తాను. మీకు అభ్యంతరం లేదుగా?”

నిజం చెబితే పిల్ల చదువు అక్కడితో సరి. వెండెల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇప్పుడు నయమేనమ్మా. చర్చికి కూడా పోతున్నా,” అన్నాడు.

ఇద్దరూ బయట కారు దగ్గరికి వచ్చారు.

“తప్పయింది నాన్నా. పడిన కష్టం ఏదైనా రాయమన్నారు.”

“అందుకని నన్ను తాగుబోతును చేశావా? బేకరీలో ఇన్నేళ్లు రాత్రి డ్యూటీ చేశానే, చేతులు కాల్చుకున్నానే, అది కష్టం కాదుటే?”

“ముందు అదే రాశాను నాన్నా. ఇలాంటివి ఏటా బోలెడు వస్తాయి, ఇంకేమైనా ఉంటే చూడమంది మేడమ్.”

వెండెల్ కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత తాళాలు తీసి కూతురి చేతిలో పెట్టి, అవతలి వైపు తలుపు తెరుచుకుని కూర్చున్నాడు.

“నువ్వే నడుపు తల్లీ. తాగినవాణ్ణి, నేను నడపకూడదు.”