గ్యాసు ధైర్యం

"అలా కాళ్ళీడ్చకు అల్లుడా! బూట్లు అరుగుతాయి," అంది ఎవాంథియా, వీధంతా వినబడేలా.

స్ట్రాటోస్ తల వంచుకుని నడిచాడు. పంటి ఆస్పత్రి ఇంకా రెండు సందుల అవతల ఉంది. అప్పటికే అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పొద్దున బయల్దేరేటప్పుడు భార్య డోమ్నా గుమ్మం దాకా వచ్చి కాలరు సర్దింది. "కాసేపు ఓర్చుకో. ఒక్క పన్నేగా, అయిపోతుంది," అంది.

ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాడు. ఒకసారి జ్వరమన్నాడు. ఇంకోసారి కరెంటు లేదన్నాడు. మూడోసారి తప్పించుకోకుండా అత్తగారే వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఎవాంథియా నలభై ఏళ్ళుగా కవాలా రేవులో చేపలమ్ముతోంది. ఆమె గొంతు ముందు ఓడ కూత దిగదుడుపే. ఇవాళ ఏ చిన్న తేడా వచ్చినా సాయంత్రానికి చేపల బజారంతా చెప్పుకుని నవ్వుతుంది. ఆ సంగతి స్ట్రాటోస్‌కి బాగా తెలుసు.

ఆస్పత్రి ముందుగదిలో బుగ్గ వాచిన ముసలాయన కూర్చుని ఉన్నాడు. స్ట్రాటోస్ ఆయన పక్కనే బెంచీ మీద కూలబడ్డాడు.

"చూశారా పెద్దాయనా?" ఎవాంథియా అందుకుంది. "ముప్పై తొమ్మిదేళ్ళ మగాడు. ఒక్క పన్ను తీయడం అనేసరికి ఆ చేతులు చూడండి, ఎండుటాకుల్లా! పెళ్ళినాడూ ఇంతే. పాదిరిగారి ముందు ఈ వణుకుడికి చేతిలో కొవ్వొత్తి ఆరిపోయింది."

నవ్వితే నొప్పని తెలిసీ ముసలాయన నవ్వాడు.

నర్సు క్లియో బయటికొచ్చింది. స్ట్రాటోస్ ముఖం చూసి జాలిపడింది. "మంచినీళ్ళు కావాలా సార్?"

"వద్దు క్లియో. ఇవాళ గ్యాసు పెడదాం," అన్నాడతను నీరసంగా.

"గ్యాసా! అది పొయ్యికి కదా?" అంది ఎవాంథియా.

"ఇది వేరమ్మా. ముక్కుకి చిన్న తొడుగు పెడతాం. ఊపిరి పీల్చుకోవడమే. నిద్ర రాదు, మన మాటలు వినబడుతూనే ఉంటాయి. ఆందోళన మాత్రం తగ్గుతుంది. తీసేసిన కాసేపటికి మామూలే. పొద్దున కడుపునిండా ఏమీ తినలేదు కదా?" అంది క్లియో.

"ఎక్కడ తినడం? అల్లుడుగారి భయానికి ఇంటిల్లిపాదికీ ఉపవాసమే!" ఎవాంథియా పెదవి విరిచింది. "మా ఆయన పన్నుకి వల తాడు కట్టి తనే లాక్కున్నాడు. నెత్తురు ఉమ్మేసి పడవెక్కాడు. గ్యాసూ లేదు, గీసూ లేదు. మగాళ్ళంటే వాళ్ళు!"

"అత్తయ్యా, నెమ్మదిగా..."

"నెమ్మదేమిటి? పెట్టండమ్మా, పెట్టండి. ఇతగాడి భయం తీరుతుందంటే సిలిండరు మొత్తం ఖాళీ చేసినా నాకేం అభ్యంతరం లేదు."

ముగ్గురూ లోపలికెళ్ళారు. క్లియో తలుపు మూసింది. తొడుగు ముక్కు మీద సరిగ్గా అమర్చి, మర తిప్పింది. గ్యాసు సన్నగా బుసకొట్టింది.

మొదటి నిమిషంలో ఏమీ జరగలేదు.

"ధైర్యాన్ని కూడా డబ్బాల్లో నింపి ఇస్తున్నారన్నమాట," అంది ఎవాంథియా. "ఇక గుండెకాయలెందుకు మనుషులకి?"

స్ట్రాటోస్ కళ్ళు మూసుకున్నాడు. "పనిచేస్తుందంటావా క్లియో?"

"కాస్త ఆగండి సార్."

రెండో నిమిషంలో అతని చేతుల వణుకు తగ్గింది. మూడో నిమిషానికి బిగుసుకున్న భుజాలు దిగాయి. నుదుటి మీద చెమట ఆరింది. గదిలో మాట లేదు. కిటికీ అవతల సముద్రపు కాకుల అరుపులు మాత్రం వినబడుతున్నాయి.

"ఇప్పుడెలా ఉంది సార్?" మెల్లగా అడిగింది క్లియో.

"పెళ్ళయ్యాక ఇంత హాయి ఎరగను," అన్నాడు స్ట్రాటోస్.

తర్వాత చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, పట్టకారు అందుకుని, కుర్చీలో వెల్లకిలా పడుకుని ముక్కు మీద గ్యాసు తొడుగుతో పసిపిల్లలా నవ్వుతున్న ఎవాంథియా మీదికి వంగి, "ఏదీ అత్తయ్యా, నోరు తెరవండి" అన్నాడు డాక్టర్ స్ట్రాటోస్.