ఆవనూనె పొగ

"అమ్మా, ఆ సాంబ్రాణి వద్దంటే వినవు గదా," అంది చైత్ర, వెనకగది గుమ్మంలో నిలబడి.

సత్యభామ వినిపించుకోలేదు. ఊయల పక్కనే పీట వేసుకుని కూర్చుంది. నలుగుపెట్టి నీళ్ళు పోసిన మనవరాలిని ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని, నిప్పుల మూకుడు దగ్గరికి లాక్కుని, గుప్పెడు సాంబ్రాణి చల్లింది. తెల్లటి పొగ గుప్పున లేచి పాప తడిజుట్టులోకి పాకింది.

"పొగ పడదని డాక్టరు చెప్పినాడమ్మా. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, ఊపిరికి బలం లేదు."

"సాంబ్రాణి పొగెట్లవుతాదే? అది మందు. నిన్ను పెంచింది కూడా దీంట్లోనే. పొగంటే పైన ఆయమ్మ పెడతాదే, అదీ పొగ. పోయి పాప మందు తీసుకుని బేగ రా."

ఈ తల్లితో వాదించి గెలిచినవాళ్ళెవరూ లేరు. చైత్ర నిట్టూర్చి మందుల షాపుకు బయల్దేరింది.

బళేపేట సందులోని ఆ పాత ఇంట్లో కింది వాటా సత్యభామది. పై వాటాలో బంగారం పని చేసే బెంగాలీ అతనూ, అతని భార్య శేఫాలీ మూడేళ్ళుగా అద్దెకుంటున్నారు. శేఫాలి మంచి పిల్లే, పేరు పెట్టడానికి లేదు. చిక్కంతా ఆమె వంటతోనే. చేపైనా వంకాయైనా ఆవనూనెలోనే వేగాలి. ఆ నూనెను ముందు పొగలు కక్కేదాకా కాచాలట, లేకపోతే పచ్చిఘాటు పోదట. రోజూ వంటవేళకు ఆ పొగ పక్కింటి గోడకూ ఈ ఇంటికీ మధ్య ఉన్న ఇరుకు సందులోకి దిగి, వెనకగది కిటికీలోంచి సరాసరి పాప ఊయల మీదికి వచ్చేది.

పోయిన నెలలో ఒకరోజు ఆ పొగకు పాప దగ్గి దగ్గి నీలంగా మారిపోయింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. ఆ బెంచీ మీద కూర్చుని సత్యభామ మొక్కని దేవుడు లేడు. పాప తేరుకుని ఇంటికొచ్చిన పూటే పైకెళ్ళి శేఫాలిని చెడామడా తిట్టింది. ఆ పిల్ల ఏడ్చింది. సత్యభామ భర్త రాజగోపాల్‌కు అది నచ్చలేదు. "ఎవరి తిండి వాళ్ళదప్పా. ఇంకోసారి పైకి పోయి అరిచినావంటే నేను ఊరుకోను. కిటికీ మూసుకోరాదా," అన్నాడు.

అప్పటినుంచి ఆమె కిటికీ మూసుకోవడమే పనిగా పెట్టుకుంది.

ఇవాళ పొద్దుట్నుంచీ కుడికన్ను అదురుతోంది. ఆడవాళ్ళకు అది మంచిది కాదు. దానికి తోడు జలుబు. ముక్కులు మూసుకుపోయి కాఫీ వాసన కూడా తెలియలేదు. పాప కళ్ళు మూతలు పడగానే పాత చీరతో కట్టిన ఊయలలో పడుకోబెట్టి, దోమలు దూరకుండా చెంగు కిందికి జార్చి, నాలుగు ఊపులు ఊపింది.

పైన బాణలి ఖంగుమంది.

మొదలుపెట్టింది మహాతల్లి, అనుకుంది సత్యభామ. గబగబా కిటికీ రెక్కలు బిగించింది. పీటా మూకుడూ ఉన్నచోటనే వదిలి, బయటికొచ్చి తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, కింది సందులో పాత తువ్వాలు కుక్కింది. ఏదో మరిచిపోయినట్టనిపించింది. పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తింది. పప్పు ఇంకా మాడలేదు. హమ్మయ్య అనుకుంది.

బీన్సు తరగడం పూర్తయ్యేసరికి వంటింటి కిటికీ అవతల, ఇరుకు సందులో పొగ కనిపించింది. వాసన తెలియలేదు గానీ కళ్ళు మండాయి. రోజూ పల్చగా ఉండే పొగ ఇవాళ నల్లగా సుడులు తిరుగుతోంది. ఎంత నూనె కాస్తోందో ఏమో. సత్యభామకు ఒళ్ళు మండిపోయింది. మెట్లదాకా వెళ్ళి, మొగుడి మాట గుర్తొచ్చి ఆగింది. వెనక్కొచ్చి వెనకగది తలుపుకు చెవి ఆనించింది. దగ్గు లేదు, ఏడుపు లేదు. నా బంగారం హాయిగా పడుకుంది, అనుకుంది. తీసి చూడాలనిపించింది గానీ, ఇంట్లో కమ్ముతున్న పొగ లోపలికి పోతుందని గొళ్ళెం ముట్టుకోలేదు.

వీధి తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. ఒక చేతిలో బాణలి, ఇంకో చేతిలో పసుపుపచ్చ డబ్బా పట్టుకుని శేఫాలి నిలబడి ఉంది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

"అక్కా, కోపం పోయిందా?" అంది వచ్చీరాని తెలుగులో.

"పోనిస్తాండావా నువ్వు? పొయ్యి మీద నూనె పెట్టి కిందికి దిగొచ్చినావా?"

శేఫాలి అర్థంకానట్టు చూసి, డబ్బా ముందుకు చాపింది. "ఇది కనోలా నూనె అక్కా. ఇదీ మా ఆవాలకు చుట్టమేనంట. ఘాటు లేదు, పొగొచ్చేదాకా కాచే పని లేదు. పాప కోసమని మా ఆయన ఎక్కడెక్కడో తిరిగి తెచ్చినాడు. ఇంక ఆవనూనె ముట్టను."

సత్యభామ మనసు చివుక్కుమంది. పరాయి బిడ్డ కోసం పుట్టినప్పటి నుంచి తిన్న రుచి వదులుకున్న పిల్లను ఎన్నేసి మాటలంది. కానీ నోరు మాత్రం దిగిరాలేదు.

"ఇంక ముట్టవు సరే, ఇవాళ ఉన్న సీసా అంతా కాచేస్తాండావా? పోయి ముందు ఆ పొయ్యి ఆర్పు తల్లీ. లోపల పాప పడుకోనుండాది."

"ఏ పొయ్యి అక్కా?"

"నీదే. ఇంకెవరిది?"

శేఫాలి చేతిలోని ఖాళీ బాణలిని చూపిస్తూ, మొహమాటంగా నవ్వింది.

"మా ఇంట్లో నిన్ననే గ్యాసయిపోయిందక్కా."