మామగారు చూసిన పురుగు

"చేపలన్నీ దాని పొట్టలోకే పోయాయి. ఇవాళ ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అంటూ భార్య పట్టకారు తెచ్చి టైలరు చేతిలో పెట్టింది.

ఉప్పునీళ్ల గాజుతొట్టిలో, రాతి కన్నంలోంచి మూరెడు సముద్రపు పురుగు తల బయటపెట్టి మీసాలు ఆడిస్తోంది. అందానికని కొన్న ఆ రాయిలోనే దాక్కుని ఇంట్లోకి వచ్చింది మహాతల్లి.

అంతలో గుమ్మంలో మామగారు కనబడ్డారు. కూతురు తనకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నాక ఈ గడప తొక్కడం ఇదే మొదలు. అల్లుడితో ఒక్క మాటా ఆడి ఎరగరు.

"అమ్మాయీ, మీ ఆయన పామును పెంచుతున్నాడని వీధంతా నవ్వుతోంది. నిజమేనా అని అడుగు."

"పాము కాదు, పురుగని చెప్పవే," అన్నాడు టైలరు.

"ప్యాంట్లకు జిప్పులు కుట్టేవాడికి పాము దాకా ఎందుకు, పురుగు చాల్లే అని చెప్పు."

టైలరుకు ఒళ్లు మండింది. పురుగును బయటికి రప్పించి లాగేద్దామని రొయ్య ముక్క పట్టకారుకు తగిలించి నీళ్లలోకి దించాడు. పురుగు ఒక్క ఊపున లేచి, రొయ్యను లాక్కుని, కన్నంలోకి మాయమైంది. నీళ్లు మామగారి చొక్కా మీద చిందాయి.

ఆయన తుడుచుకోలేదు. కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చున్నారు.

"దీని దుంపతెగ. మళ్లీ ఎప్పుడు తింటుందయ్యా అల్లుడూ?"

అది తినేది వారానికి ఒక్కసారి. టైలరు ఆ మాటే చెప్పబోతుంటే భార్య అతని కాలు తొక్కింది.

"రోజూ తింటుంది నాన్నా," అంది మొగుడి చేతిలో పట్టకారు లాక్కుంటూ. "సాయంత్రం పూట."