జింకవ్వ అడిగిన దారి

"వానలకు ముందే ఈ నిటారు గట్టు తవ్వి చెరువులోకి వాలుదారి వేస్తాం" అని సింహం మాట ఇచ్చింది. వానలు వచ్చి వెళ్లాయి. దారి రాలేదు.

పదేళ్లుగా మోకాళ్ల వాపుతో కుంటుతున్న జింకవ్వ సింహం గుహకు వెళ్లి అడిగితే మంత్రి నక్క నవ్వింది.

"ముందు ఆరోగ్యం బాగుచేసుకో అవ్వా. అందాకా పడుకో, నీళ్లు నీ పొదకే పంపిస్తాం."

"ఈ వాపు నాతోనే పోతుంది నాయనా, దాంతో నాకు పేచీ లేదు. పొద్దున్నే చెరువుకెళ్లి, కొంగతో నాలుగు మాటలాడి, నా నీళ్లు నేను తాగితే నేను ఆరోగ్యంగా ఉన్నట్టే. పొదలో పడుకోబెట్టారంటే ఆ రోజే రోగినవుతాను."

నక్క లోపలికెళ్లిపోయింది. అవ్వ చెరువు దగ్గరికి తిరిగొచ్చి, దిగలేక, దాహంతో గట్టు మీదే కూర్చుంది.

"నీరు అందరి హక్కు" అని కొమ్మకొమ్మనా అరిచే పిచ్చుకలం అడుగుతున్నాం, సింహరాజా. దారి ఎప్పుడు వేస్తారు? కార్తీక పౌర్ణమిలోగా జవాబు చెప్పండి.