వాగు తాళం

“చేప సచ్చింది. తాళం తియ్యను,” అంది ఉప్పలమ్మ.

బకెట్లో చేపపిల్ల ఒకటి వెల్లకిలా తేలుతోంది. నూలుకు రంగులు వేసే యాదగిరి తల పట్టుకున్నాడు.

నారాయణపేట చీరల నూలుకు రంగు పట్టించాక మిగిలే నీళ్లన్నీ ఊరి చివరి తొట్టిలోకి చేరతాయి. ఇసుక, బొగ్గు పొరల్లోంచి వడకట్టిన ఆ నీళ్లను కొంచెం బకెట్లో పోసి, అందులో చేపపిల్లలను వదులుతారు. సాయంత్రం దాకా అవి బతికితేనే తూము తాళం తీసి నీళ్లను వాగులోకి పంపాలి. ఆ తాళంచెవి ఉప్పలమ్మ నడుముకు వేలాడుతోంది.

“తొట్టి నిండింది అవ్వా. గీ నీళ్లు పోకుంటే రేపు పొయ్యి ముట్టియ్యలేను. పెండ్లి చీరల నూలు, సేటు ఆగుతడా?”

“ఆగకుంటే నా పేరు చెప్పు.”

“మా ఊర్ల అన్నం తినుకుంట మా మీదనే ఒర్రుతవు.”

“మంచిగ తింటున్న గనుకనే గొంతు గింత లేస్తాంది. మళ్ల వడగట్టు, పో.”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. హైదరాబాద్ నుంచి దుబాసిగా వచ్చిన మనస్విని ఆ మాటలను అతిథులకు ఇంగ్లీషులో చెప్పలేక తనూ నవ్వేసింది.

అతిథులు ఇద్దరు. నేపాల్ అధికారి గురుంగ్, బంగ్లాదేశ్ అధికారిణి రెహానా. సరిహద్దులు దాటే నదులను శుభ్రంగా ఉంచుకోవడానికి పొరుగు దేశాలు రాసుకుంటున్న ఒప్పందం మీద మర్నాడు హైదరాబాద్‌లో ఆఖరి చర్చ. నీళ్లను అందరూ ఒకే పద్ధతిలో పరీక్షించాలని, ఫలితాలు ఒకరికొకరు పంపుకోవాలని ఎప్పుడో ఒప్పుకున్నారు. ఒక్క దగ్గరే ఆగిపోయారు. మురికినీటి తూము దగ్గర ఎవరుండాలి? పై దేశం తన మనిషే ఉండాలంటుంది. కింది దేశం ఆ మనిషిని నమ్మనంటుంది. ఇది తేలకపోతే ఒప్పందమే లేదు. ఈ వాగు మీద పై ఊరికీ కింది ఊరికీ కొన్నేళ్లుగా తగాదా లేదని విని, ఎలాగో చూద్దామని వచ్చారు.

“ఇక్కడా తాళం పై ఊళ్లోనే ఉంది. మా కథే,” అని రెహానా నిట్టూర్చింది.

“కానీ ఈమె తీయడం లేదుగా! ఎందుకో అడుగమ్మా,” అన్నాడు గురుంగ్.

మనస్విని అడిగింది.

“నా మనుమరాలు తాగేది గా నీళ్లే బిడ్డా. కింది ఊర్ల ఉంటది.” ఉప్పలమ్మ చూపు వాగు వంపు తిరిగేచోటికి పోయింది. “మొన్న నేనిటు వస్తుంటే కొంగు ఇడువలే. ఒకటే ఏడుపు. అప్పటిసంది పాణం కొట్టుకుంటనే ఉంది.”

గురుంగ్ తలూపాడు. “కూతుర్ని ఆ ఊరికిచ్చారన్నమాట. చుట్టరికం. దాన్ని ఒప్పందంలో ఎలా రాస్తాం?”

“రాయలేం. ఈమె మంచితనం ఈమెతోనే పోతుంది,” అంటూ రెహానా కారు వైపు నడిచింది.

ఉప్పలమ్మ కంగారుగా మనస్విని చెయ్యి పట్టుకుంది. “ఏమాయె బిడ్డా? మొకాలు గట్ల వాడిపోయినయి?”

“మీ పద్ధతి వాళ్ల దేశాల్లో నడవదట అవ్వా. రేపు ఒప్పందం కుదరదేమో.”

“గట్లెట్ల పోతరు! పొయ్యేటోళ్లను చిన్నబోయిన మొకంతోని సాగనంపితే నాకు అన్నం బుక్క దిగదు. ఏయ్ యాదగిరీ, జర చెప్పరాదూ!”

యాదగిరి కారుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. ఇందాకటి విసుగు అతని ముఖంలో లేదు.

“మేడం, గిది మామూలు ముచ్చట కాదు. ఒకప్పుడు మేం రాత్రిపూట దొంగతనంగ రంగునీళ్లు ఇడిసేటోళ్లం. కింది ఊరోళ్ల బర్లు సచ్చినయి. కొట్టుకున్నం, ఠాణాలకెక్కినం. ఆఖరికి మేమే మా పంచాయితీల కూసోని, అవ్వ చేతికి తాళమియ్యాలని తీర్మానం చేసినం. తూము పక్కన ఉండెటందుకు అర్ర కట్టిచ్చినం. అందరికన్న ముందు చెయ్యి లేపింది నేనే. గిప్పుడు నన్నే తిడుతది, సూడుండ్రి!” తిట్టు తిన్నవాడిలా కాదు, పతకం అందుకున్నవాడిలా చెప్పాడు.

మనస్విని ఇంగ్లీషులో చెప్పగానే రెహానా ఆగింది. వెనక్కి వచ్చి ఉప్పలమ్మ ఎదుట నిలబడింది.

“ఒక్క మాట అవ్వా. సొంత ఊరివాళ్లకే ఇలా అడ్డం పడుతున్నారు. రేపు మళ్లీ వీళ్ల మధ్యే కదా మీరు బతకాలి? భయం లేదా?”

మనస్విని తెలుగులో చెప్పగానే యాదగిరి పకపకా నవ్వాడు. అతని వెనకున్న నేతగాళ్లూ నవ్వారు. ఇంతసేపూ వీళ్లకు ఇదే తెలియలేదా అన్నట్టు ఉప్పలమ్మ రెహానా వైపు వింతగా చూసింది.

“నాది కింది ఊరు బిడ్డా.”